రాయి అడుగున వాగు రిపోర్టు

(తెల్లవారకముందు. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల దిగువన సన్నటి వాగు. టార్చ్ వెలుగు నీళ్ల మీద.)

నమస్తే. టైమ్ ఐదున్నర. హైదరాబాద్‌లో మూడింటికే లేచి బయలుదేరితే ఇప్పటికి ఇక్కడికి చేరాం. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. నేను వాటర్‌షెడ్ సైంటిస్టుని. "అంటే నీళ్లు టెస్ట్ చేస్తావా అమ్మా?" అని చుట్టాలు అడుగుతుంటారు. చేస్తాను. కానీ దానికంటే ఎక్కువసేపు నేలను చూస్తాను. ఎక్కడ పడిన వాన చినుకు ఈ వాగులోకి వస్తుందో, ఆ నేలంతా దీని వాటర్‌షెడ్డే. చేలు, రోడ్లు, ఇళ్లు, మురికి కాలువలు అన్నీ అందులోకే వస్తాయి.

(ఆక్సిజన్ మీటర్ నీళ్లలో ముంచుతున్న చేయి.)

ఇంత పొద్దున్నే ఎందుకంటారా? ఉద్యోగంలో చేరిన కొత్తలో సిటీ శివారులో ఒక వాగుకు మధ్యాహ్నం మూడింటికి వెళ్లాం. మీటర్‌లో ఆక్సిజన్ ఎంతో బాగుంది. సంతోషంగా రాసుకుని వచ్చేశాం. మా సీనియర్ ఆ అంకె చూసి, "రేపు తెల్లవారుజామున మళ్లీ వెళ్లండి" అన్నారు. వెళ్తే, లీటరుకు 2 మిల్లీగ్రాములు కూడా లేదు. చాలా రకాల చేపలు ఇబ్బంది లేకుండా బతకాలంటే కనీసం 4 ఉండాలి.

మురుగు కలిసిన నీళ్లలో నాచు బాగా పెరుగుతుంది. పగలు ఎండలో అది ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి తానే పీల్చేస్తుంది. మురుగును కుళ్లబెట్టే బ్యాక్టీరియా రాత్రీ పగలూ పీలుస్తూనే ఉంటుంది. అందుకే సూర్యోదయానికి ముందు ఆక్సిజన్ అట్టడుగుకు పడిపోతుంది. ఆ రోజు నుంచి నేను అలారం పెట్టుకోవడం మొదలుపెట్టాను.

(వెలుతురు వచ్చింది. చేతి వల, తెల్ల ట్రే.)

ఇక నాకు చాలా ఇష్టమైన పని. వలను ప్రవాహానికి అడ్డంగా పెట్టి, దానికి ఎగువన రాళ్లను కాలితో కదుపుతాం. కొట్టుకొచ్చిన వాటిని ట్రేలో పోస్తాం. ఇదిగో, తూనీగ పిల్ల. ఎగిరే తూనీగ అవ్వకముందు నెలల తరబడి నీళ్లలోనే పెరుగుతుంది. పక్కన మూడు తోకలున్నది మేఫ్లై అనే రెక్కల పురుగు పిల్ల. పొట్ట పక్కన మొప్పలు ఆడుతున్నాయి చూశారా? ఆక్సిజన్ తగ్గితే ముందు మాయమయ్యేవాటిలో ఇదొకటి. ఆ శివారు వాగులో ఇవేవీ లేవు. ట్రే నిండా సన్నటి ఎర్ర పురుగులే. వాటి ఒంట్లో మనలాగే హిమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే ఆ ఎరుపు. ఉన్న కొద్దిపాటి ఆక్సిజన్‌నూ పట్టుకుని బతికేస్తాయి. సీసాలో పట్టిన నీళ్లు ఆ క్షణం సంగతే చెబుతాయి. ఈ పురుగులు కొన్ని నెలల సంగతి చెబుతాయి.

(బాపూఘాట్ దగ్గర మూసీ.)

ఇప్పుడు సిటీకి వచ్చాం. లంగర్‌హౌజ్ దగ్గర ఈసీ నది మూసీలో కలిసేది ఇక్కడే. 1908 వరదల తర్వాత మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, 1920లో కట్టారు. ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో. వరద తగ్గింది, ఊరికి తాగునీళ్లు వచ్చాయి. ఆ మేలు కాదనలేం. కానీ వాటి గేట్లు మూసి ఉన్న నెలల్లో దిగువన పారేదాంట్లో ఎక్కువ భాగం మనం వదిలిన మురుగే.

నీళ్లు శుద్ధి చేస్తే చాలా? నన్నడిగితే చాలదు. నాలా అడుగున కాంక్రీటు పోసి, ఒడ్డును నిలువుగా గోడలా కట్టేస్తే పురుగు దాక్కోవడానికి సందు ఉండదు, చేప గుడ్లు పెట్టడానికి గడ్డి ఉండదు. ఒడ్డున చెట్టు ఉంటే నీడకు నీళ్లు చల్లగా ఉంటాయి. చల్లటి నీళ్లలో ఆక్సిజన్ ఎక్కువ నిలుస్తుంది. పైగా రాలిన ఆకులు పురుగులకు తిండి. అందుకే నా నోట్‌బుక్‌లో రాళ్ల సైజు, చెట్ల నీడ, ఒడ్డు కోత, అన్నీ ఉంటాయి. మీటర్ అంకెలకు సగం పేజీ చాలు.

(మళ్లీ అనంతగిరి వాగు.)

వానలు తగ్గాక ఇటు వస్తే, ప్రవాహం నెమ్మదిగా, మోకాళ్ల లోతు కూడా లేని చోట ఒక రాయి ఎత్తి అడుగున చూడండి. పిల్లలుంటే వాళ్లకూ చూపించండి. చూశాక పక్కన పడేయకండి. ఏ వైపు కింద ఉందో ఆ వైపే కిందికి వచ్చేలా, మెల్లగా, ఉన్నచోటే పెట్టేయండి.