పడుగు ఎటు ఉంటే అటే నడక: కణితి చుట్టూ ఉన్న కణజాలం

అందరికీ నమస్కారం. ఈ సభలో పీజీ విద్యార్థులు, పళ్ల డాక్టర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు ఉన్నారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

1889లో స్టీఫెన్ పేజెట్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది వివరాలు పరిశీలించాడు. క్యాన్సర్ కణమనే విత్తనం నలుదిక్కులా పడినా అనువైన నేలలోనే మొలుస్తుందని తేల్చాడు. ఆయన చెప్పింది దూరపు అవయవాల గురించి. గడ్డకు ఆనుకునే ఉన్న నేల గురించి మనం అంతకంటే తక్కువ మాట్లాడుకుంటాం.

వరంగల్ కొత్తవాడ మగ్గం మీద షత్రంజీ నేయడం చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కణజాలంలో పోగులు తయారుచేసే ఫైబ్రోబ్లాస్టు కణాలు నేతగాళ్లు, కొలాజెన్ అనే ప్రోటీన్ నూలు. లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఆ పోగుల్ని ఒకదానికొకటి ముడివేస్తుంది. మామూలు రొమ్ము కణజాలం గట్టిదనం సుమారు 200 పాస్కల్స్ అయితే, కణితిలో అది 4,000 దాకా పోతుంది. చేతికి గట్టిగా తగిలే ఆ గడ్డలో సగం పని ఈ నేతదే. కణం తన పైపొరలో కొక్కేల్లా ఉండే ఇంటిగ్రిన్లతో పోగును పట్టుకుని లాగి చూస్తుంది. పోగు సాగకపోతే ఇంకా బలంగా లాగుతుంది, ముందుకు జరుగుతుంది.

అయితే గట్టిదనం కన్నా నేత దిక్కు ముఖ్యమని నా అభిప్రాయం. మొదట్లో పోగులు కణితి అంచు వెంబడి చుట్టుకుని గోడలా ఉంటాయి. తర్వాత కొన్నిచోట్ల అంచుకు అడ్డంగా తిరిగి, బయటికి చూపించే పడుగులా సాగుతాయి. కణాలు ఆ పోగుల వెంటే వరసగా పోతాయి, చాలాసార్లు మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలు తోడుగా. 2011లో 196 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల నమూనాల్లో, ఇలా బయటికి తిరిగిన పోగులున్నవాళ్లు తక్కువకాలం బతికారని తేలింది.

పోగుల మధ్య సందు ఇరుకైతే ఇరుక్కునేది కణపు కేంద్రకం. కణంలో మిగతా భాగం ఎలాగైనా వంగుతుంది. కేంద్రకపు అడ్డుకోతలో పదోవంతు కన్నా రంధ్రం చిన్నదైతే కణం ఆగిపోతుంది, లేదా మెటలోప్రోటీనేజ్‌లనే ఎంజైమ్‌లతో పోగును కోసుకుని పోతుంది. ఆ కత్తెరను ఆపితే చాలనుకుని మారిమాస్టాట్ లాంటి మందులు తెచ్చారు. పెద్ద పరీక్షల్లో ఆశించిన ఫలితం రాలేదు, కీళ్లనొప్పులు మాత్రం వచ్చాయి. సందు సరిపడా ఉన్నచోట కణం కత్తెర లేకుండానే ఒళ్లు మార్చుకుని దూరిపోగలదు. 2014లో ఎలుకల క్లోమగ్రంథి క్యాన్సర్‌లో ఈ నేతగాళ్లనే తొలగించి చూస్తే జబ్బు మరింత ముదిరింది. అంటే ఆ కణజాలం దారి ఇస్తుంది, అడ్డూ కడుతుంది.

ల్యాబ్‌లో ఇది చూడాలనుకునేవారికి ఒక మాట. ఎలుక తోక కొలాజెన్‌ను మంచు మీదే ఉంచి, పదోవంతు పదింతల చిక్కదనం ఉన్న బఫర్ కలిపి, సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలతో పీహెచ్ 7.2–7.4కి తేవాలి. కణాలు కలిపి, 37 డిగ్రీల దగ్గర అరగంట నుంచి గంట పేరనివ్వాలి. తుది మోతాదు మిల్లీలీటరుకు 2 మిల్లీగ్రాములు చాలు. ఆమ్లం మిగిలితే జెల్ నిలబడదు. చల్లగా పేరిస్తే పోగులు లావై సందులు పెద్దవవుతాయి కాబట్టి అదే మోతాదులో కూడా కణాల వేగం మారిపోతుంది. అన్నిటికన్నా తరచు జరిగే పొరపాటు ఇంకొకటి: కణాలు అడుక్కి దిగి ప్లాస్టిక్ మీద పాకుతుంటే, జెల్‌లో నడిచాయని లెక్క రాసేస్తారు. పేరుతున్న మొదటి నిమిషాల్లో ప్లేటును తిరగేస్తుంటే ఈ తిప్పలు తగ్గుతాయి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. గుట్కా, వక్క నమిలేవాళ్ల బుగ్గ లోపలి పొర తెల్లబడి, తాళ్లలా గట్టిపడి, మూడు వేళ్లు నిలువుగా పట్టని నోళ్లు ఉత్తర తెలంగాణ పళ్ల డాక్టర్లకు కొత్త కాదు. వక్కలోని అరెకోలిన్ అనే రసాయనం ఫైబ్రోబ్లాస్టుల్ని కొలాజెన్ తయారీకి ఎగదోస్తుంది. వక్కలోని రాగి లైసిల్ ఆక్సిడేజ్‌కు ఊతమిస్తుంది. ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అనే ఈ జబ్బు క్యాన్సర్‌కు ముందు మెట్టు. కానీ దీని మీద పుట్టిన క్యాన్సర్లలో మెడ లింఫ్ గ్రంథులకు పాకడం తక్కువని కొన్ని నివేదికలున్నాయి. గట్టిగా ఉంది కాబట్టి వేగంగా పాకుతుందనే తేలిక లెక్క ఇక్కడ పనికిరాదు. అలాగని రోగిని వదిలేయడానికీ వీల్లేదు, నోరు తెరుచుకోకపోతే వెనకపక్క పుండు కనబడనే కనబడదు.

కణాల నడక తెలిసేది అంచు దగ్గరే, అందుకే బయాప్సీ ముక్క పుండు మధ్యలోంచి తీయకండి, అక్కడ చచ్చిన కణాలే ఎక్కువ. అంచు నుంచి, కాస్త మంచి పొర కూడా వచ్చేలా, లోతుగా తీయండి. ఫోర్‌సెప్స్‌తో నలపొద్దు. ముక్కకు పదింతల ఫార్మలిన్ పోయండి. ఆపరేషన్ ముక్కను సాగదీయకుండా థర్మకోల్ మీద పిన్నులతో నిలిపి, అంచులకు ఇంకు పూసి పంపండి. కండ ముడుచుకుపోతుంది కాబట్టి సర్జన్ కొలిచిన అంచు స్లైడ్ మీద తగ్గే కనబడుతుంది. లోతును కణితి పైభాగం నుంచి కాకుండా, పక్కనున్న మంచి పొర అడుగున ఉండే పల్చటి బేస్‌మెంట్ మెంబ్రేన్ గీత నుంచి కొలవండి. పైకి ఉబ్బిన కణితిలో మందం లోతును పెంచి చూపిస్తుంది, పుండుపడ్డదానిలో తగ్గించి చూపిస్తుంది. 5 మిల్లీమీటర్లు, 10 మిల్లీమీటర్లు దాటితే దశే మారిపోతుంది. నరం చుట్టూ కణాలున్నాయా, చొరబడే అంచున అవి గుంపుగా ఉన్నాయా లేక ఒక్కొక్కటిగా విడిపోయాయా అన్నది రిపోర్టులో తప్పకుండా రాయండి. మెడ గ్రంథులు తీయాలా వద్దా అన్న నిర్ణయంలో సర్జన్ వెతికేది ఈ వాక్యాలనే.