డెబిట్ అంటే నష్టం కాదు: తరగతిలో మిర్చి బస్తా ఆట

నమస్కారం. బి.కాం. మొదటి సంవత్సరం తరగతిలో ఏటా నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "క్రెడిట్ అంటే డబ్బు రావడం, డెబిట్ అంటే పోవడం కదా సార్?" బ్యాంకు పంపే సందేశాలను చూసి పిల్లలు ఈ అర్థాన్ని స్థిరపరచుకుంటారు. సూత్రాలు ఎంత వల్లె వేయించినా తొలగని ఈ అపోహ, ఆట ఆడించాక తొలగింది.

ఈ ఆటకు ముగ్గురు విద్యార్థులు, మూడు చిట్టాలు (రోజువారీ పద్దుల పుస్తకాలు), డబ్బుకు బదులు చింతగింజలు, మిర్చి బస్తాకు బదులు ఒక సంచి చాలు. ఒకరు రైతు, ఒకరు వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌లో సరుకు కొనే వ్యాపారి, ఇంకొకరు బ్యాంకు. రైతు 10 క్వింటాళ్ల మిర్చిని క్వింటాలుకు 15,000 రూపాయల చొప్పున అరువుకు ఇచ్చాడనుకుందాం. ఇద్దరూ పద్దు రాసేదాకా సంచి చేతులు మారకూడదు. వ్యాపారి 1,50,000 రూపాయలను కొనుగోళ్ల ఖాతాకు డెబిట్, రైతు ఖాతాకు క్రెడిట్ రాస్తాడు. రైతు అదే మొత్తాన్ని వ్యాపారి ఖాతాకు డెబిట్, అమ్మకాల ఖాతాకు క్రెడిట్ రాస్తాడు. బస్తా ఒక్కటే, పుస్తకాలు రెండు.

ఇప్పుడు వ్యాపారి తన బ్యాంకు ఖాతా నుంచి రైతు ఖాతాకు 50,000 రూపాయలు పంపుతాడు. రైతు తన చిట్టాలో బ్యాంకు ఖాతాను డెబిట్ చేయాలి. కానీ అతని ఫోనుకు "క్రెడిట్ అయింది" అని సందేశం వస్తుంది. తరగతి అంతా ఇక్కడే ఆగిపోతుంది. ఒకసారి బ్యాంకు పాత్రలో ఉన్న అమ్మాయి, గింజలను ఒక కుప్ప నుంచి మరో కుప్పలోకి జరిపి, "ఇవి నావి కావు సార్, రైతుకు నేను బాకీ ఉన్నవి" అన్నది. ఆ సందేశం బ్యాంకు పుస్తకంలోని మాట: రైతుకు బాకీ పెరిగింది గనుక బ్యాంకు అతని ఖాతాను క్రెడిట్ చేసింది. గింజలు బ్యాంకు దగ్గరే ఉన్నాయి. బాకీ ఎవరికన్నదే మారింది.

లూకా పాసియోలీ 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గ్రంథంలో వివరించిన జంట పద్దు విధానం (ప్రతి వ్యవహారాన్నీ ఒక ఖాతాకు డెబిట్, మరో ఖాతాకు క్రెడిట్ రాయడం), అక్కడి వర్తకులు అప్పటికే వాడుతున్నదే. అంగడిలో పెరిగిన విద్యను అంగడిలాగే నేర్పాలన్నది నా గట్టి అభిప్రాయం. ఫోనులో మీటలు నొక్కించే క్విజ్‌లు జ్ఞాపకశక్తిని పరీక్షిస్తాయి గాని, ఎదుటివాడి పుస్తకాన్ని చూపించవు. ముందు ముగించినవారికి మార్కులు వేయడం కూడా తగదు. పద్దులు కుదిరితేనే వేయాలి.

సమయం తక్కువ ఉన్నందున తక్కినవి క్లుప్తంగా చెబుతాను. క్వింటాలు మిర్చి ఎండి 95 కిలోలైతే, ఆ సాధారణ తరుగు వల్ల కిలో ఖరీదు 150 నుంచి సుమారు 157.89 రూపాయలకు పెరుగుతుంది. సంచిలోంచి కొంత తీసి చూపండి. తరువాత ఆవర్జా (ఖాతాలవారీ పుస్తకం, లెడ్జర్), ఆపై అంకణా (డెబిట్, క్రెడిట్ మొత్తాలు సరిపోయాయో చూసే పట్టిక, ట్రయల్ బ్యాలెన్స్) రాయించండి. మరుసటి తరగతిలో పాత్రలు మార్చి, వ్యాపారిని బ్యాంకు స్థానంలో కూర్చోబెట్టండి.