కుండను బోర్లించి చూడండి

[దృశ్యం: ఆత్రేయపురంలో ఓ ఇంటి పంచ. పొయ్యి మీద బోర్లించిన కుండ, లోపల ఎండు కొబ్బరాకుల మంట.]

వ్యాఖ్యానం: పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను కుండ వీపు మీద పరిచి లాగితే చాలు, రేకు తేలిపోతుంది. పూతరేకు పని అంతా బోర్లించిన కుండ మీదే. అది చూసినప్పుడల్లా నాకు పింగాణీ కప్పుల మీద రంగుల బొమ్మలకు పేరుపొందిన క్లారిస్ క్లిఫ్ గుర్తొస్తుంది.

[దృశ్యం: ఇంగ్లండ్ పటం. స్టోక్-ఆన్-ట్రెంట్ దగ్గర చుక్క.]

వ్యాఖ్యానం: ఆమె 1899లో అక్కడి టన్‌స్టాల్‌లో పుట్టింది. చుట్టూ పింగాణీ కార్ఖానాలే. 13వ ఏట పనిలో చేరింది. మన కుమ్మరి ఇళ్లలో సారె తిప్పి కుండ చేయడం మగవాళ్లది, పెళ్లిలో వాడే అరివేణి కుండలకు సున్నం పూసి బొమ్మలేయడం ఆడవాళ్లది అన్నట్టే, అక్కడా రంగుల గదుల నిండా ఆడపిల్లలే. ఒక్క పని పట్టుకుని ఉంటే కూలి పెరుగుతుంది. క్లారిస్ మాత్రం ఒకటి నేర్చుకోగానే ఇంకోదానికి మారింది. సాయంత్రాలు ఆర్ట్ స్కూలుకు వెళ్లింది. కూలి పోగొట్టుకుని పని నేర్చుకోవడం ఎంత తెగువో పనివాళ్ల ఇళ్లలో పెరిగినవాళ్లకు తెలుసు.

1916లో ఆమె విల్కిన్సన్ అనే పింగాణీ కంపెనీలో చేరింది. తర్వాత ఆ కంపెనీ న్యూపోర్ట్ పోటరీ అనే కార్ఖానాను కొన్నప్పుడు, దాంతోపాటు గోదాం నిండా అమ్ముడుపోని తెల్ల సరుకు వచ్చింది. చాలావాటికి మచ్చలు, లోపాలు. 1927లో ఆమెకు చిన్న స్టూడియో ఇచ్చారు. ఆ మచ్చలు కనబడకుండా నారింజ, పసుపు, నీలం రంగులతో దట్టంగా ముక్కోణాలు వేయించింది. పేరు ‘బిజార్’, అంటే వింత. సరుకు ఇట్టే అమ్ముడుపోయింది.

[దృశ్యం: కుంచె దగ్గరగా. కప్పు మీద పూరేకు.]

వ్యాఖ్యానం: 1928లో ‘క్రోకస్’ వచ్చింది. కుంకుమపువ్వు జాతి పువ్వు అది. ఒక్కో రేకూ ఒకే కుంచె పోటు. తర్వాత కప్పును బోర్లించి, సన్నటి ఆకుపచ్చ గీతలు లాగితే ఆకులు. నాకు పూతరేకు గుర్తొచ్చేది ఇక్కడే! గిరాకీ ఎంతంటే, 1930లో ఇరవైమంది అమ్మాయిలు క్రోకస్ తప్ప ఇంకేమీ వేయలేదు. ఆ ఏడే క్లారిస్ ఆర్ట్ డైరెక్టరయింది.

ఆ కప్పు అడుగున క్లారిస్ క్లిఫ్ పేరు అచ్చయి ఉంటుంది. కార్ఖానా పనిపిల్ల పేరు సరుకు మీదికెక్కడం చిన్న విషయం కాదు. కానీ ఆ నమూనాను మొదట వేసి, తక్కినవాళ్లకు నేర్పింది ఎథెల్ బారో. అడుగున ఆ పేరు లేదు. అందుకే ఇక్కడ చెబుతున్నాను.

[దృశ్యం: సున్నం పూసిన అరివేణి కుండ.]

వ్యాఖ్యానం: ఈసారి మీ ఇంట పెళ్లికి అరివేణి కుండలు తెచ్చినప్పుడు, వాటి మీద బొమ్మలేసినావిడ పేరు అడగండి. పెళ్లి ఫొటోల ఆల్బంలో ఆ పేరూ రాసి ఉంచండి.