మూడంతస్తుల ఇంట్లో వైఫై: డెకో ఎం4తో పాటు ఒక కేబుల్ ఎందుకు లాగించాను

నమస్కారం అండీ. మాది ఖమ్మంలో గ్రౌండ్ ప్లస్ టూ ఇల్లు. కింద అమ్మానాన్న ఉంటారు, మధ్య అంతస్తులో మేము, పైన డాబా మీద ఒకే గది. ఫైబర్ కనెక్షన్ 200 ఎంబీపీఎస్. దాని డబ్బా కింద హాల్లో టీవీ వెనక ఉంది. ఆ హాల్లో స్పీడు నిండుగా వస్తుంది. పై గదికి వెళ్తే ఒక్క గీత, అది కూడా ఉండీ లేనట్టు. పరీక్షల ముందు మా అమ్మాయి ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని క్లాసు వింటుంటే నాకు చాలా బాధేసింది. ఇక దీని సంగతి తేల్చాలనుకున్నాను. ఇప్పుడు చూపించే డెకో ఎం4 వైఫై డబ్బాలు మూడూ నా డబ్బుతో కొన్నవే, ఎవరూ పంపలేదు.

అసలు అడ్డం ఎక్కడో ముందు చూద్దాం. ఇటుక గోడని సిగ్నల్ ఎలాగోలా దాటేస్తుంది. స్లాబు అలా కాదు. కాంక్రీటు, లోపల అడ్డంగా నిలువుగా కట్టిన ఇనుప చువ్వలు, పైన టైల్స్. వైఫైకి 5, 2.4 గిగాహెర్ట్జ్ అని రెండు రకాల సిగ్నళ్లుంటాయి. మా ఇంట్లో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ మొదటి స్లాబుకే నీరసపడిపోయింది, రెండోది దాటనే లేదు. 2.4 ఇంకాస్త దూరం పోతుంది, కానీ స్పీడు తక్కువ. పైగా వీధిలో ఇళ్లన్నీ అందులోనే ఉంటాయి, ఒకదానికొకటి తగలకుండా వాడుకునే ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే.

మొదట ప్లగ్గులో పెట్టే చిన్న రిపీటర్ కొన్నాను. ఫోన్లో గీతలు నిండా వచ్చాయి, వీడియో మాత్రం తిరుగుతూనే ఉంది. చవక రిపీటర్లు చాలావరకు ఒకే రేడియోతో అటు వింటాయి, ఇటు చెప్తాయి. అక్కడే స్పీడు దాదాపు సగం పోతుంది. దాన్ని సిగ్నల్ అందని గదిలోనే పెట్టాను, అది నా పొరపాటు. దానికే అందనప్పుడు మనకేం పంపుతుంది?

తర్వాత టీపీ-లింక్ డెకో ఎం4, మూడు డబ్బాల ప్యాక్ తీసుకున్నాను. ఇది వైఫై 5 మెష్, అంటే డబ్బాలన్నీ కలిసి ఇల్లంతా ఒకే వైఫైలా పనిచేస్తాయి. ఒక్కో డబ్బాకి రెండు గిగాబిట్ పోర్టులు, అంటే 1000 ఎంబీపీఎస్ దాకా మోసే కేబుల్ రంధ్రాలుంటాయి, నేను కొన్నది ముఖ్యంగా వాటికోసమే. ముందు వైరు లేకుండా, అంతస్తుకి ఒకటి చొప్పున మెట్ల దగ్గర పెట్టి చూశాను. మధ్య అంతస్తులో 110 దాకా వచ్చింది, పై గదిలో 40. క్లాసుకి అది చాలు. కానీ రాత్రి ఇంటిల్లిపాదీ టీవీలు, ఫోన్లు పట్టుకుంటే ఆ 40 కూడా నిలబడలేదు. కారణం స్లాబే. డబ్బాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలన్నా మధ్యలో అదే ఉందిగా!

అందుకే డబ్బాల మధ్య కేబుల్ లాగించాను. మీరు మెష్ కొన్నా కొనకపోయినా ఈ ముక్క జాగ్రత్తగా వినండి. క్యాట్ 6 రకం నెట్‌వర్క్ కేబుల్ తీసుకోండి, పూర్తి రాగిదే అడగండి. షాపుల్లో అల్యూమినియం తీగకి రాగి పూత వేసినవి కూడా అమ్ముతారు, చూడ్డానికి ఒకేలా ఉంటాయి, తీగ చివర గీకితే లోపల తెల్లగా కనపడుతుంది. మా ఇంట్లో పాత కేబుల్ టీవీ పైపు ఖాళీగా ఉంటే అందులోంచి లాగాం. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం వద్దు. బయట గోడ మీదుగా తేవాలంటే ఎండకి తట్టుకునే నల్ల అవుట్‌డోర్ కేబుల్ తీసుకోండి. మా వైపు కోతుల బెడద ఎక్కువ, అందుకే డాబా మీద ఉన్న కాస్త దూరం కూడా పీవీసీ పైపులో పెట్టించాను.

అంతా అయ్యాక పై గదిలో స్పీడు 94 దగ్గరే ఆగిపోయింది. ఎన్నిసార్లు చూసినా అంతే. గిగాబిట్‌కి ఎనిమిది తీగలూ కలవాలి, నాలుగే కలిస్తే వంద దగ్గర ఆగుతుంది. టెస్టర్ పెడితే ఏడో లైటు వెలగలేదు. కనెక్టర్ కోసేసి, కొత్తది మళ్లీ నొక్కి బిగించే పని (క్రింప్) చేయించాం. ఇప్పుడు మూడు అంతస్తుల్లోనూ 190 వస్తోంది.

సెట్టింగుల్లో రెండే పనులు. ఫైబర్ డబ్బాలో వైఫై ఆపేశాను, డెకోని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టాను, అంటే రౌటర్ పని ఫైబర్ డబ్బాదే, డెకో వైఫై మాత్రమే ఇస్తుంది. ఈ మోడ్‌లో పిల్లల ఫోన్లకి టైము పెట్టే సదుపాయం పనిచేయదు, అది కావాలంటే రౌటర్ మోడ్‌లోనే ఉంచండి. యాప్ లేకుండా సెటప్ కాదు, ఖాతా కూడా తెరవాలి. మీ ప్లాన్ 300 దాటితే ఎం4 బదులు వైఫై 6 ఉన్న డెకో ఎక్స్20 చూడండి.

ఇంకొక్కటి. ఫైబర్ డబ్బాతో పాటు ఈ మూడు డబ్బాల ప్లగ్గులూ ఇన్వర్టర్ లైన్లోనే ఉండాలి. మాకు పై గది ప్లగ్గు ఆ లైన్లో లేదు, మొన్న కరెంటు పోయినప్పుడు తెలిసింది. ఎలక్ట్రీషియన్ ఆదివారం వస్తానన్నాడు. మీ ఇంట్లో డబ్బా ఎక్కడుందో, మెట్లు లోపలా బయటా, ఖాళీ పైపు ఏమైనా ఉందా కామెంట్లో రాయండి. కేబుల్ ఎటు నుంచి తేవచ్చో చూసి చెప్తాను.