ఇండియన్ ఆరోస్ ఏమిచ్చింది, ఎక్కడ ఆగింది
(బరంపురంలో ఫుట్‌బాల్ కోచ్‌లు, తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

కోచ్‌లకి, రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి నుంచి పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకి నమస్కారం.

దేశంలోని ఫుట్‌బాల్ క్లబ్బులు ఆడే ఐ-లీగ్‌లో 2018-19లో ఒడిశాని సొంతగడ్డగా చేసుకుని ఒక జట్టు ఆడింది. పేరు ఇండియన్ ఆరోస్. అందులో విదేశీ ఆటగాడు ఒక్కడూ లేడు. పట్టికలో అడుగున నిలిచినా కింది డివిజన్‌కి పడిపోయే భయం లేదు. ఎందుకంటే అది క్లబ్బు కాదు. కుర్రాళ్లకి పెద్దల లీగ్‌లో ఆట దొరకాలని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య నడిపిన జట్టు.

మొదలు 2010లో. ఆలోచన అప్పటి జాతీయ కోచ్ బాబ్ హౌటన్‌ది, జట్టుకి మొదటి కోచ్ డెస్మండ్ బల్పిన్. 2018 ప్రపంచ కప్‌కి అర్హత సాధించాలన్నారు. అది అత్యాశ, అప్పుడే తెలుసు. కారణం మాత్రం సరైనది. మన క్లబ్బులు గోల్స్ కోసం విదేశీ స్ట్రైకర్లని తెచ్చుకునేవి, పందొమ్మిదేళ్ల మన స్ట్రైకర్ బెంచి మీద కూర్చునేవాడు. ఆ బెంచి మీద నుంచి లేపితే ఏమవుతుందో జేజే లాల్‌పెఖ్లువా మొదటి సీజన్‌లోనే 13 గోల్స్ కొట్టి చూపించాడు. తర్వాత పైలాన్ గ్రూపు స్పాన్సర్‌గా వచ్చింది. జట్టు కోల్‌కతా చేరి పైలాన్ ఆరోస్ అయింది. ప్రీతమ్ కోటాల్, హోలీచరణ్ నర్జారీ అక్కడ రాటుదేలినవాళ్లే. స్పాన్సర్ నిలవలేదు, 2013లో జట్టు మూతబడింది.

రెండో జన్మ 2017లో. ఆ అక్టోబరులో ఢిల్లీలో మన అండర్-17 జట్టు ప్రపంచ కప్‌లో మూడు మ్యాచ్‌లూ ఓడింది. కొలంబియా మీద జీక్సన్ సింగ్ కొట్టింది ఒక్కటే గోల్. ఏళ్ల తరబడి తీర్చిదిద్దిన ఆ జట్టుని చెదరగొట్టకుండా, కోచ్ లూయిస్ నార్టన్ డి మాటోస్ చేతికే ఇచ్చి ఐ-లీగ్‌లో దింపారు. నవంబరు 29న గోవాలో చెన్నై సిటీ మీద 3-0 గెలుపు. అనికేత్ జాదవ్ రెండు, బోరిస్ సింగ్ ఒకటి. సీజన్ ముగిసేసరికి నాలుగే గెలుపులు, 15 పాయింట్లు, పదింటిలో పదో స్థానం. దినపత్రికలు పట్టికనే చూశాయి.

ఈ జట్టుకి చూడాల్సిన లెక్క వేరు. పది జట్ల లీగ్‌లో ఒక్కో జట్టుకి 18 మ్యాచ్‌లు, అంటే 1,620 నిమిషాలు. పదకొండు మందికి కలిపి 17,820. ఇరవై ఐదుగురికి సమానంగా పంచితే తలకి 713 నిమిషాలు, ఎనిమిది పూర్తి మ్యాచ్‌లు కూడా రావు. పదిహేడేళ్ల కుర్రాడికి ఇది చాలదు. పైగా ఎవరూ సమానంగా పంచరు. పదిహేను మందికి ఆట దక్కితే పదిమందికి ప్రాక్టీసే మిగులుతుంది. ఆరోస్ పథకంలోని అసలు లోపం ఇక్కడుంది. పక్కనపెట్టిన పిల్లలు ఆడుకోడానికి దాని కింద మరో లీగ్ ఉండాలి.

మరో చిక్కు కూడా ఉంది. బాగా ఆడినవాణ్ణి పెద్ద క్లబ్బు తీసుకుపోతుంది. అది విజయమే, కానీ కోచ్ మాత్రం ఏటా రక్షణ వరుసని మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి. గోల్ ముందు మధ్యలో నిలిచే ఇద్దరు డిఫెండర్లు, అంటే సెంటర్‌బ్యాక్‌ల మధ్య అవగాహన ఒక సీజన్‌లో కుదిరేది కాదు. కార్నర్ కిక్కుల దగ్గర బరువైన స్ట్రైకర్ భుజం తగిలితే లేత ఒళ్లు నిలవదు, అక్కడే గోల్స్ పడతాయి. కింది డివిజన్‌కి పడిపోయే భయం లేకపోవడం మేలా కీడా అన్నది వాదించుకోవచ్చు. నా మట్టుకు మేలే. తప్పు చేస్తే బెంచికి పంపేస్తారన్న భయంతో ఆడే డిఫెండర్ బంతిని గాల్లోకి తన్నడం తప్ప ఇంకేమీ నేర్చుకోడు.

ఫలితం చూడాలంటే 2022 మార్చి 20న జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్ చాలు. పెనాల్టీల్లో గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీలో ఆకాశ్ మిశ్రా, ఓడిన కేరళ బ్లాస్టర్స్‌కి గోల్ కొట్టిన రాహుల్ కేపీ, వాళ్ల గోల్‌కీపర్ ప్రభ్‌సుఖన్ గిల్, ముగ్గురూ ఆరోస్ నుంచి వచ్చినవాళ్లే. అదే ఏడు సమాఖ్య జట్టుని ఎత్తేసింది. ఒక్క జట్టు మీద పెట్టేకన్నా క్లబ్బుల యువజట్లన్నిటికీ లీగ్ నడపడం మేలన్నది వాదన. నేను చెప్పిన నిమిషాల లెక్క ప్రకారం ఆ వాదన తప్పు కాదు. అయితే క్లబ్బే లేని మన జిల్లాల పిల్లవాడికి అందులో దారి లేదు.

మనకి దగ్గర దారి ఇప్పుడు భువనేశ్వరే. 2023 నవంబరులో ఆర్సెనల్ క్లబ్బు మాజీ కోచ్ ఆర్సెన్ వెంగర్ అక్కడ ఫిఫా, సమాఖ్యల టాలెంట్ అకాడమీని ప్రారంభించారు. ఇలాంటి చోట్ల ఆట కంటే ముందు వయసు దగ్గరే చాలామంది వెనక్కి వస్తారు. అండర్-17 పోటీలకి మణికట్టు ఎంఆర్‌ఐ తీస్తారు. బొటనవేలి వైపు ముంజేతి ఎముక చివర ఎదుగుదల పొర పూర్తిగా మూసుకుపోతే అది ఆరో గ్రేడు, అంటే ఆఖరిది. కుర్రాడు అనర్హుడు. బడిలో రెండేళ్లు తగ్గించి రాయించిన తేదీ అక్కడ పనికిరాదు. అందుకే జనన ధ్రువపత్రం, ఆధార్, బడి రికార్డు మూడింటిలో పేరు, తేదీ ఒక్కలాగే ఉన్నాయో లేదో పన్నెండేళ్లలోపే సరిచూసుకోండి. తెలుగింటి పేర్లు ఒడియాలో రాసినప్పుడు ఇంటిపేరు ముందుకీ వెనక్కీ మారుతుంది. ఎక్కువగా పొరపాటు జరిగేది అక్కడే. కోచ్‌లు ఒక నోటుబుక్కు పెట్టి ప్రతి పిల్లవాడు ప్రతి మ్యాచ్‌లో ఎన్ని నిమిషాలు, ఏ స్థానంలో ఆడాడో రాయండి. సీజన్‌కి వెయ్యి నిమిషాలు దాటనివాళ్ల పేర్లు విడిగా తీసి, వాళ్లతోనే రెండో జట్టు కట్టి పక్క ఊరితో మ్యాచ్ పెట్టండి.