పన్నెండో పిక్‌లో గార్డా? కౌబాయ్స్ లైన్ మీద మన ఇంటి పంచాయితీ

పాడ్‌కాస్ట్ ఎపిసోడ్ పాఠం. 2025 ఏప్రిల్, డ్రాఫ్ట్‌కు ముందు. మాట్లాడుతున్నవాళ్లు: అక్క, తమ్ముడు, బాబాయ్.

అక్క: అందరికీ నమస్కారం. ఈ నెల 24న గ్రీన్ బేలో ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ మొదలవుతోంది, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకుంటాయి, ఆ వంతునే పిక్ అంటారు. మన డాలస్ కౌబాయ్స్‌కి మొదటి రౌండ్‌లో 12వ పిక్ ఉంది, రెండో రౌండ్‌లో 44, మూడో రౌండ్‌లో 76. నాలుగో రౌండ్ పిక్ లేదు, జొనాథన్ మింగో కోసం కరోలినాకి ఇచ్చేశారు. ఇవాళ ఆఫెన్సివ్ లైన్ ఒక్కటే మాట్లాడుకుందాం. జాక్ మార్టిన్ రిటైరయ్యాడు. పదకొండు సీజన్ల తర్వాత కుడి గార్డ్ స్థానం ఖాళీ అయింది. బాబాయ్, మీరే మొదలుపెట్టండి.

బాబాయ్: నాకు ఇందులో రెండో ఆలోచన లేదమ్మా. అలబామా గార్డ్ టైలర్ బుకర్ 12 దగ్గర ఉంటే అతన్నే తీసుకోవాలి.

తమ్ముడు: పన్నెండులో గార్డా బాబాయ్? వద్దు. పోయిన సీజన్ 7 గెలిచి 10 ఓడాం. అలాంటి టీమ్‌కి వచ్చిన ఇంత మంచి పిక్‌ని గార్డ్ మీద పెడతామా? పాస్‌లు అందుకోవడానికి సీడీ లాంబ్‌కి జోడీగా రెండో రిసీవర్ లేడు. బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ రికో డౌడుల్ వెయ్యి గజాలు దాటి పరుగెత్తాడు, అతన్ని కరోలినాకి వెళ్లనిచ్చాం.

అక్క: ఒక్క నిమిషం. ఈ ఆట కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం లైన్ గురించి చెప్పి ముందుకెళ్దాం. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ముందు ఐదుగురు నిలబడి, అతన్ని కాపాడుతూ పరుగెత్తేవాడికి దారి చేస్తారు. నడుమ సెంటర్, అతనికి రెండు పక్కలా గార్డ్‌లు, ఆ రెండు చివర్లలో ట్యాకిల్స్. బంతి పట్టరు, స్కోర్ చెయ్యరు. వాళ్ల పేర్లు టీవీలో వినిపించేది ఎక్కువగా పెనాల్టీ పడ్డప్పుడే.

బాబాయ్: కబడ్డీలో చేతులు కలిపి చైన్ కడతారు చూడు, అలాంటిదే ఇది. నలుగురు గట్టిగా పట్టుకుని ఒక్కడు చెయ్యి వదిలితే చాలు, రైడర్ ఆ సందులోంచే పోతాడు. పోయిన సీజన్ మనకి జరిగింది అదే. ఎడమ ట్యాకిల్ గైటన్ రూకీ, అంటే లీగ్‌లో మొదటి ఏడాది, పెనాల్టీల మీద పెనాల్టీలు. సెంటర్ కూపర్ బీబీ కూడా రూకీయే, కాలేజీలో గార్డ్ ఆడినవాణ్ణి సెంటర్‌కి మార్చారు. మార్టిన్ చీలమండ గాయంతో సీజన్ మధ్యలోనే ఆగిపోయాడు. ఇక పరుగు ఎక్కడి నుంచి వస్తుంది?

తమ్ముడు: అందులో బీబీ తప్పేం లేదు బాబాయ్, బాగానే ఆడాడు.

బాబాయ్: బాగా ఆడాడు, నేనూ ఒప్పుకుంటా. కానీ కొత్త సెంటర్ పక్కన నమ్మకమైన గార్డ్ ఉండాలి. ఎడమవైపు టైలర్ స్మిత్ ఉన్నాడు. కుడివైపు ఎవరు? మయామీ నుంచి రాబర్ట్ జోన్స్‌ని ఒక్క ఏడాదికి తెచ్చారు. మార్టిన్ లేనప్పుడు బ్రాక్ హాఫ్‌మన్ ఆడాడు. ఇద్దరూ కష్టపడే కుర్రాళ్లే. కానీ ఏడాదికి రెండుసార్లు ఫిలడెల్ఫియా మీద ఆడాలి మనం. అక్కడ జలెన్ కార్టర్ నడుమ నుంచే దూసుకొస్తాడు. అతని ముందు ఎవరిని నిలబెడతావు, చెప్పు.

తమ్ముడు: సరే, ఫిలడెల్ఫియా సంగతే చూద్దాం. ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌లో కాన్సాస్ సిటీని 40-22తో కొట్టారు. సేక్వాన్ బార్క్‌లీ సీజన్‌లో 2,005 గజాలు పరుగెత్తాడు. ఆ లైన్‌లో మొదటి రౌండ్‌లో వాళ్లే ఎంచుకున్నవాడు లేన్ జాన్సన్ ఒక్కడే, అదీ 2013లో. డికర్సన్, జర్గన్స్ ఇద్దరూ రెండో రౌండ్. ఎడమ ట్యాకిల్ మైలాటా ఆస్ట్రేలియాలో రగ్బీ ఆడిన కుర్రాడు, ఏడో రౌండ్‌లో తీసుకున్నారు. ఇక కుడి గార్డ్ మెకై బెక్టన్ న్యూయార్క్ జెట్స్‌లో ట్యాకిల్‌గా నిలబడలేకపోయినవాడు. అతన్ని చవగ్గా తెచ్చి గార్డ్ చేశారు. జెఫ్ స్టౌట్‌లాండ్ లాంటి లైన్ కోచ్ ఉంటే ఏ రౌండ్‌లోవాడైనా ఆడతాడు.

బాబాయ్: స్టౌట్‌లాండ్ వాళ్ల దగ్గరున్నాడు, మన దగ్గర లేడు కదరా.

అక్క: మనకీ కొత్త కోచ్‌లు వచ్చారు, ఆ మాట చెప్పుకోవాలి. హెడ్ కోచ్ బ్రయన్ షాటెన్‌హైమర్ పరుగు మీద ఆట కడతానంటున్నాడు. ఆఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా తెచ్చుకున్న క్లేటన్ ఆడమ్స్ అరిజోనాలో లైన్ కోచ్. మన కొత్త లైన్ కోచ్ కానర్ రైలీ కాన్సాస్ స్టేట్ నుంచి వచ్చాడు, బీబీకి అక్కడ నేర్పింది ఆయనే. లైన్ తెలిసినవాళ్లను ఇంతమందిని ఒకేసారి తెచ్చారంటే టీమ్ మనసు ఎటుందో తెలుస్తూనే ఉంది.

తమ్ముడు: తెలుస్తోంది. కానీ అదే భయం కూడా అక్కా. ఖాళీ కనిపిస్తోంది కాబట్టి పూడ్చాలని తొందరపడతారు. 2013 చూడు. జొనాథన్ కూపర్‌ని అరిజోనా ఏడో పిక్‌లో, చాన్స్ వార్మాక్‌ని టెనెసీ పదో పిక్‌లో తీసుకున్నాయి. ఇద్దరూ గార్డ్‌లే, ఇద్దరి గురించీ డ్రాఫ్ట్ ముందు ఇవే పొగడ్తలు. వార్మాక్‌ది కూడా అలబామాయే. కూపర్‌కి మొదటి సీజన్ మొదలవకముందే కాలు విరిగింది, తర్వాత టీమ్‌లు తిరుగుతూ 2017లో మన దగ్గరే ఆడాడు. ఇద్దరిలో ఎవరూ ప్రో బౌల్ దాకా, అంటే ఆ ఏడాది మేటి ఆటగాళ్ల జాబితా దాకా రాలేదు.

బాబాయ్: అయితే ఆ ఏడాది మొదటి రౌండ్‌లో మనం ఎవర్ని తీసుకున్నామో కూడా చెప్పు.

తమ్ముడు: ట్రావిస్ ఫ్రెడరిక్. అవును.

బాబాయ్: 18వ పిక్‌ని శాన్ ఫ్రాన్సిస్కోకి ఇచ్చి, 31కి దిగి సెంటర్‌ని తీసుకున్నాం. అందరూ మనల్ని తిట్టారు, మూడో రౌండ్‌లో దొరికేవాణ్ణి మొదట్లో తీసుకున్నారని. అతను లీగ్‌లోనే మేటి సెంటర్లలో ఒకడయ్యాడు. గిలియన్-బారే అనే నరాల జబ్బు వచ్చి 2018 మొత్తం పోయినా, మళ్లీ వచ్చి ఒక సీజన్ ఆడి మరీ వెళ్లాడు. అంతకుముందు 2011లో తొమ్మిదో పిక్‌లో టైరన్ స్మిత్. జెర్రీ జోన్స్ టీమ్ కొన్నాక మొదటి రౌండ్‌లో లైన్‌మన్‌ని తీసుకోవడం అదే మొదటిసారి, ఇరవై ఏళ్లు దాటాక! ఇక 2014లో జెర్రీ మనసంతా క్వార్టర్‌బ్యాక్ జానీ మాంజీల్ మీదే ఉంది. కొడుకు స్టీఫెన్, స్కౌట్‌లు కలిసి ఆపి 16వ పిక్‌లో మార్టిన్‌ని తీసుకునేలా చేశారు. మాంజీల్ క్లీవ్‌లాండ్‌లో రెండు సీజన్లకే అయిపోయాడు. మార్టిన్ తొమ్మిదిసార్లు ప్రో బౌల్‌కి వెళ్లాడు. అతని మీద పడ్డ హోల్డింగ్ (ఎదుటివాణ్ణి పట్టుకుని ఆపడం) పెనాల్టీల కంటే ప్రో బౌల్స్ ఎక్కువ. గార్డ్ అంటే అలా ఉండాలి!

అక్క: ఆ ముగ్గురూ కలిసిన ఫలితం గజాల్లో కనిపించింది. 2014లో డిమార్కో మర్రే 1,845 గజాలు, ఒక సీజన్‌లో మన టీమ్ రికార్డు అది. ఎమిట్ స్మిత్‌ది దాటాడు. 2016లో ఎజెకియల్ ఎలియట్ రూకీగా 1,631. క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ కూడా రూకీయే, 13 గెలిచాం.

తమ్ముడు: ఆ రెండు సీజన్లూ ఎలా ముగిశాయి? రెండూ గ్రీన్ బే చేతిలోనే. 2014 సీజన్‌లో మన రిసీవర్ డెజ్ బ్రయంట్ క్యాచ్‌ని రిఫరీలు కాదన్నారు, 2016లో సొంత స్టేడియంలో ఓడిపోయాం. అంత గొప్ప లైన్‌తో కూడా ప్లేఆఫ్స్‌లో రెండో రౌండ్ దాటలేకపోయాం. నాకు లైన్ మీద కోపం లేదు బాబాయ్. లైన్ ఒక్కటీ ఉంటే గెలుస్తామన్న మాటే నేను ఒప్పుకోను.

బాబాయ్: లైన్ లేకుండా ఎప్పుడు గెలిచాం చెప్పు. తొంభైల్లో లారీ అలెన్‌ని చూశాను నేను. పోయిన జూన్‌లో కన్నుమూశాడు. ఎదుటివాణ్ణి గజాలకొద్దీ వెనక్కి తోసుకెళ్లేవాడు. గార్డ్‌కి విలువ లేదంటే నాకు కష్టంగా ఉంటుందిరా.

తమ్ముడు: లారీ అలెన్ నాకూ ఇష్టమే. 1994లో రెండో రౌండ్‌లో, 46వ పిక్‌లో దొరికాడు బాబాయ్. సోనోమా స్టేట్ అనే చిన్న కాలేజీ. నేను చెప్పేది కూడా అదే, గార్డ్‌లు తర్వాత దొరుకుతారు. నిరుడు మనం చేసిందే గుర్తు తెచ్చుకోండి. 24వ పిక్ డెట్రాయిట్‌కి ఇచ్చి 29కి దిగాం, పైన 73 వచ్చింది. 29లో గైటన్, 73లో బీబీ. ఒక్క పిక్‌తో ఇద్దరు వచ్చారు. ఈసారీ 12 నుంచి ఇరవైల్లోకి దిగి, ఒహాయో స్టేట్ డోనవన్ జాక్సన్‌నో, నార్త్ డకోటా స్టేట్ గ్రే జేబెల్‌నో తీసుకోవచ్చు. జాక్సన్ ఎడమ గార్డ్. ట్యాకిల్ జాష్ సిమన్స్‌కి మోకాలి గాయమైతే సీజన్ మధ్యలో ఆ స్థానానికి మారి ఆడాడు, నేషనల్ టైటిల్ గెలిచారు. బుకర్‌కి అతనికి అంత తేడా ఉందా?

బాబాయ్: ఉంది. బుకర్ 321 పౌండ్లు, చేతులు ముప్పై నాలుగు అంగుళాలు దాటాయి. ఎదుటివాడి ఛాతీ మీద చెయ్యి పడిందంటే ఆట అక్కడే ఆగిపోతుంది.

తమ్ముడు: 40 గజాల పరుగు 5.38 సెకన్లు.

బాబాయ్: గార్డ్ 40 గజాలు ఎప్పుడు పరుగెడతాడురా? ఐదు గజాల్లో అతని పని అయిపోతుంది!

అక్క: ఇక్కడ నా మాట చెప్తాను. మీరిద్దరూ గార్డా, రిసీవరా అని కొట్టుకుంటున్నారు. మార్టిన్ నోటర్‌డామ్‌లో ఎడమ ట్యాకిల్. టైలర్ స్మిత్ టల్సాలో ఎడమ ట్యాకిల్, 2022లో 24వ పిక్. మనకి ఈ పదేళ్లలో దొరికిన ఇద్దరు మేటి గార్డ్‌లూ కాలేజీలో ట్యాకిల్సే. పోయినసారి అంత బాధపడింది గైటన్ స్థానంలో కాబట్టి, నా భయం గార్డ్ కంటే ఎక్కువగా రెండు చివర్ల గురించే. గైటన్ ఒక్లహోమాలో కుడివైపు ఆడాడు, ఎందుకంటే వాళ్ల క్వార్టర్‌బ్యాక్ డిలన్ గేబ్రియల్ ఎడమచేతివాటం. ఇక్కడికి రాగానే అతన్ని ఎడమవైపు పెట్టారు. నేర్చుకోవడానికి ఇంకో ఏడాది ఇవ్వాల్సిందే, కానీ కుదరకపోతే? కుడివైపు టెరెన్స్ స్టీల్‌కి 2022 డిసెంబర్‌లో మోకాలు పోయిన దగ్గర్నుంచి మునుపటి ఆట లేదు. అందుకే 12లో ట్యాకిల్‌ని తీసుకుని, మొదటి ఏడాది కుడి గార్డ్‌గా ఆడించాలి. అవసరమైన రోజున బయటికి జరపొచ్చు.

తమ్ముడు: ఎవరున్నారు అలా? మిజోరీ మెంబూ 332 పౌండ్ల మనిషి, 40 గజాలు 4.91 సెకన్లలో పరుగెత్తాడు. అతను పన్నెండు దాకా రాడు. ఎల్‌ఎస్‌యూ విల్ క్యాంప్‌బెల్ చేతులు పొట్టివని అంటున్నారు కానీ అతనూ మిగలడు.

అక్క: కెల్విన్ బ్యాంక్స్. టెక్సాస్ యూనివర్సిటీ కుర్రాడు, నిరుడు కాలేజీ ఆటలో ఇచ్చే అవుట్‌ల్యాండ్ ట్రోఫీ, లాంబార్డీ అవార్డు రెండూ అతనివే. లోపల గార్డ్‌గా బాగుంటాడని చాలామంది స్కౌట్‌లు అనుకుంటున్నారు. మనకి కావలసింది అదే కదా, రెండు చోట్లా పనికొచ్చేవాడు.

బాబాయ్: బ్యాంక్స్ అయితే నేను కాదనను. కానీ లోపలికి మారడం అందరికీ కుదరదమ్మా. ట్యాకిల్‌కి వెనక్కి జరగడానికి చోటుంటుంది. గార్డ్‌కి అది ఉండదు, బంతి కదిలేసరికే 300 పౌండ్లవాడు ముఖం మీదికి వచ్చేస్తాడు. మార్టిన్‌కి మారడం తేలిగ్గా కుదిరిందని అందరికీ కుదరదు. బుకర్ మొదటి మ్యాచ్ నుంచే ఆడతాడు. డాక్‌కి ఇప్పుడు ఏడాదికి 60 మిలియన్ డాలర్లు. నవంబర్‌లో అట్లాంటాలో తొడ కండరం తెగి ఆపరేషన్ దాకా వెళ్లాడు. ఇక అతన్ని పరుగెత్తించడం కాదు, నిలబడనివ్వడం కావాలి. నిలబడాలంటే నడుమ గట్టిగా ఉండాలి. ఎడ్జ్ నుంచి, అంటే లైన్ చివర నుంచి వచ్చేవాణ్ణి ముందుకు అడుగేసి తప్పించుకుంటాడు, నడుమ నుంచి వస్తే ఎటు పోతాడు?

తమ్ముడు: ఈ మాట నాకు నచ్చింది, నిజంగా.

బాబాయ్: డబ్బు సంగతీ చూడు. మార్చిలో మిన్నెసోటా విల్ ఫ్రైస్ అనే గార్డ్‌కి ఐదేళ్లకి 88 మిలియన్లు ఇచ్చింది. నిరుడు కాలు విరిగి అతను ఆడింది ఐదు మ్యాచ్‌లే. ట్రే స్మిత్‌ని ఆపుకోవడానికి కాన్సాస్ సిటీ ఫ్రాంచైజ్ ట్యాగ్ వేసింది, అంటే వేరే టీమ్‌కి వెళ్లకుండా కట్టేసింది, ఒక్క ఏడాదికి 23 మిలియన్లు దాటింది. బయట గార్డ్‌ల ధర అలా ఉంది. మన టీమ్ ఫ్రీ ఏజెన్సీలో, అంటే ఒప్పందం ముగిసినవాళ్లను తెచ్చుకోవడానికి అంత పెట్టదు, అందరికీ తెలుసు. మరి ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? మొదటి రౌండ్‌వాడైతే నాలుగేళ్ల ఒప్పందాన్ని ఐదో ఏడాదికి పొడిగించే ఆప్షన్ కూడా మన చేతిలో ఉంటుంది.

అక్క: నాకు కోపం వచ్చేది కూడా అక్కడే. మార్టిన్ వయసు 34 అని నిరుడే తెలుసు. టైరన్ 2024లో జెట్స్‌కి వెళ్తాడనీ తెలుసు, సెంటర్ బయడాజ్ వాషింగ్టన్‌కి వెళ్తాడనీ తెలుసు. ప్రతిసారీ మనిషి వెళ్లిపోయాకే మనిషిని వెతుకుతారు. ముందు ఏడాదే ఒకణ్ణి తెచ్చి పెద్దవాళ్ల వెనక కూర్చోబెట్టి నేర్పి ఉంటే, ఇవాళ 12లో ఎవరు మంచి ఆటగాడైతే వాణ్ణే తీసుకునే స్వేచ్ఛ ఉండేది. తమ్ముడు అడిగే రిసీవర్ కూడా అప్పుడు తప్పయ్యేది కాదు.

తమ్ముడు: అరిజోనా యూనివర్సిటీ రిసీవర్ మెక్‌మిలన్ 12 దగ్గర మిగిలి ఉంటే ఇప్పుడు కూడా తప్పు కాదక్కా.

అక్క: మిగిలితే చూద్దాం. సరే, ముగ్గురం మన పిక్ చెప్పి ముగిద్దాం. నాది బ్యాంక్స్, అతను ముందే వెళ్లిపోతే బుకర్.

బాబాయ్: బుకర్. మెంబూ మిగిలితే మాత్రం మెంబూ.

తమ్ముడు: మెక్‌మిలన్. లేకపోతే ఇరవైల్లోకి దిగి జాక్సన్, 44లో రన్నింగ్ బ్యాక్. 76లో కూడా లైన్‌మన్‌నే తీసుకోండి, నేనేమీ అనను.

అక్క: 24న గురువారం, మన టెక్సాస్ టైమ్ సాయంత్రం ఏడుకి మొదలు. ఇండియాలో వింటున్నవాళ్లకి 25 శుక్రవారం తెల్లవారుజామున ఐదున్నర. మన పిక్ వచ్చేసరికి ఇంకో గంటన్నర పైనే పట్టొచ్చు, అలారం దాన్ని బట్టి పెట్టుకోండి. మర్నాడు రెండో రౌండ్ మొదలయ్యేలోపు మళ్లీ ముగ్గురం కూర్చుంటాం.

బాబాయ్: బుకర్ జెర్సీ నంబర్ ఎంతవుతుందో అప్పుడు మాట్లాడదాం.

తమ్ముడు: ముందు 12 రానివ్వండి బాబాయ్!