పార్సిల్‌లో దెబ్బతిన్న బీరు తయారీ సామాను: ఏది వాడొచ్చు, ఏది వెనక్కి పంపాలి

నమస్కారం. ఇంట్లో బీరు చేసుకోవడానికి సామాను తెప్పించారు. పెట్టె వచ్చింది కానీ ఒక మూల నొక్కుకుపోయింది. కత్తెర కాసేపు పక్కన పెట్టి ముందు ఫోన్ తీయండి.

పెట్టెకి ఆరు వైపులా ఫొటోలు తీయండి. అడ్రస్ లేబుల్, నలిగిన మూల, ఊడిన టేపు దగ్గరగా పడాలి. మెల్లగా ఒరిగించి చూడండి. లోపల గలగలమంటే ఆ చప్పుడు కూడా రికార్డు చేయండి. తెచ్చినవాళ్లు ఇంకా గుమ్మం దగ్గరే ఉంటే "పెట్టె దెబ్బతిని వచ్చింది" అని రాసి ఆ కిందే సంతకం పెట్టండి. ఇప్పుడు వీడియో ఎక్కడా ఆపకుండా పెట్టె విప్పండి. చాలామంది ఇక్కడే తొందరపడి అన్నీ కడిగేస్తారు. పగులు కనిపించిన వస్తువుని కడగకండి. కడిగితే అది మీ ఇంట్లోనే పగిలిందనే వాదనకి చోటిచ్చినట్టే.

ముందుగా గాజు సంగతి, ఎందుకంటే అసలు ప్రమాదం దానితోనే. బీరు పులియబెట్టే పెద్ద గాజు సీసాని కార్బాయ్ అంటారు. 23 లీటర్ల కార్బాయ్ నిండితే సీసా బరువుతో కలిపి దాదాపు 30 కిలోలు ఉంటుంది. అది చేతుల్లో విడిపోతే అయ్యేది లోతైన గాయమే. గదిలో లైటు ఆర్పి, సీసా వెనక టార్చి పెట్టి నెమ్మదిగా తిప్పండి. ఇదిగో, మెడ దగ్గర వెంట్రుకలా మెరుస్తున్న గీత చూశారా? దాని మీద గోరు అడ్డంగా లాగండి. గోరు తట్టుకుంటే పైపగులు. తట్టుకోకపోయినా, సీసా తిప్పుతుంటే మెరుపు లోపలికి వెళ్తున్నట్టు కనిపిస్తే పగులు గాజు మందంలో ఉంది. రెండింటిలో ఏదైనా ఆ సీసా ఇక పనికిరాదు. జిగురు పెట్టొద్దు, "నీళ్లు పోసి చూద్దాం" అనొద్దు. అడుగు అంచునీ, మెడనీ మరీ జాగ్రత్తగా చూడండి, దెబ్బ ఎక్కువగా తగిలేది అక్కడే. గాజు పగిలిన పెట్టెలోనే మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) సంచి చిరిగి ఉంటే ఆ మాల్టు కూడా పారేయాల్సిందే. సన్నటి గాజుముక్కల్ని జల్లెడ పట్టి తీయలేం.

హైడ్రోమీటర్, అంటే ద్రవంలో తేలుతూ దాని సాంద్రత చూపించే గాజు గొట్టం, పగలకుండా వచ్చినా పాడై ఉండొచ్చు. లోపల కొలత గీతలున్న కాగితం చుట్ట ఉంటుంది, కుదుపులకి అది జారుతుంది. హైడ్రోమీటర్ మీదే ఏ ఉష్ణోగ్రతకి తయారైందో రాసి ఉంటుంది, మామూలుగా 15.6 లేదా 20 డిగ్రీలు. ఆ వేడిలో ఉన్న డిస్టిల్డ్ వాటర్‌లో వేసి బుడగలు పోయేలా ఒకసారి తిప్పి వదలండి. 1.000 చూపించాలి. 1.004 చూపిస్తే, ప్రతిసారీ 0.004 తీసేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కాగితం కదలకుండా ఉంటే నిజంగానే సరిపోతుంది. గొట్టాన్ని వేలితో తట్టి మళ్లీ కొలవండి. అంకె మారిందంటే కాగితం వదులైంది, మార్పించుకోండి.

బీరు కాచే స్టీలు కెటిల్‌కి పక్కన సొట్ట పడితే బాధేస్తుంది గానీ బీరుకి ఏమీ కాదు. వాల్వ్ బిగించిన చోట సొట్ట పడితేనే చిక్కు. అక్కడ రేకు వంగితే వాషర్ సమంగా కూర్చోదు. నీళ్లు నింపి, వాల్వ్ కింద పొడి టిష్యూ పరిచి గంట ఆగండి. తడిస్తే నట్టుని ఇంకా బిగించేయకండి. సిలికాన్ వాషర్ నలిగి పక్కకి ఉబుకుతుంది, కారడం ఇంకా ఎక్కువవుతుంది. విప్పి, వాషర్ సరిగ్గా కూర్చోబెట్టి మళ్లీ బిగించండి. కరెంటు కెటిల్ అయితే ఊపినప్పుడు అడుగున ఏదైనా కదిలిన చప్పుడొస్తే ప్లగ్ పెట్టనే వద్దు.

కెగ్‌ని, అంటే తయారైన బీరుని గ్యాస్ ప్రెషర్‌తో నిల్వ ఉంచే స్టీలు పీపాని, ఖాళీగానే పరీక్షించాలి. నీళ్లుంటే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ అందులో కరిగి, లీకు లేకపోయినా ప్రెషర్ తగ్గుతుంది. ప్రెషర్ 30 పీఎస్ఐ (ప్రెషర్ కొలిచే యూనిట్) వచ్చేదాకా గ్యాస్ ఎక్కించి మూత చుట్టూ, రెండు పోస్టుల (గ్యాస్, బీరు గొట్టాలు తగిలించే మొనల) దగ్గర, రిలీఫ్ వాల్వ్ మీద సబ్బునీళ్లు రాయండి. పోస్టు దగ్గర బుడగలొస్తే చాలాసార్లు ఓ-రింగ్ (రబ్బరు రింగు) మారిస్తే సరిపోతుంది. మూత కూర్చునే అండాకారపు అంచే వంగితే కెగ్ వెనక్కి పంపండి. గ్యాస్ ప్రెషర్‌ని అదుపు చేసే రెగ్యులేటర్ దేనికీ తగిలించకుండానే ముల్లు సున్నా మీద లేకపోతే దాన్ని సిలిండర్‌కి బిగించకండి.

బీరు పులియబెట్టే ప్లాస్టిక్ బకెట్‌లో నీళ్లు పోసి, కింద కాగితం వేసి ఒక రోజు ఉంచండి. మూత బిగించి, దానికి ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ని బయటికి వదిలి, బయటి గాలిని లోపలికి రానివ్వని చిన్న గొట్టం) పెట్టి, ఆ ఎయిర్‌లాక్‌లో సగం దాకా నీళ్లు పోసి, మూత మధ్యలో వేలితో నొక్కి పట్టుకోండి. ఎయిర్‌లాక్ రెండు గదుల్లో నీటి మట్టం ఎగుడుదిగుడై అలాగే నిలిస్తే మూత బాగున్నట్టే. మెల్లగా సమమైపోతే గాలి ఎక్కడో పోతోంది.

అమ్మినవాళ్లకి అదే రోజు రాయండి. ఆర్డర్ నంబరు, దెబ్బతిన్న భాగం పేరు, ఒక్కో భాగానికి రెండు ఫొటోలు, మీకు కావాల్సింది ఆ భాగమా, డబ్బు వాపసా అన్నది. మొత్తం సెట్టు బదులు పాడైన భాగమే అడిగితే పని త్వరగా తెములుతుంది. క్లెయిమ్ తేలేదాకా పెట్టె, లోపలి థర్మోకోల్, పగిలిన ముక్కలు ఏవీ పారేయకండి. గాజుముక్కల్ని మందపాటి అట్టపెట్టెలో వేసి, టేపు చుట్టి, పైన "పగిలిన గాజు" అని పెద్దగా రాసి పిల్లలకి అందని చోట పెట్టండి.